జూలై 4 ఆదివారం, పుల్‌పిట్ పక్కన జెండా: అయోవాలోని ఒక చిన్న ఊరి సంఘం కేస్ స్టడీ

యునైటెడ్ మెథడిస్టు సంఘాల్లో పాస్టర్ల బదిలీలు చాలాచోట్ల జూలై 1న అమల్లోకి వస్తాయి. కొత్త పాస్టర్ అట్టపెట్టెలు విప్పకముందే అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నెత్తిమీదికొస్తుంది. ఎవరి పేరూ ఇంకా నోటికి పట్టదు. కానీ ఏడాది మొత్తంలో ఆ ఊరు తనను చూసి తాను మురిసిపోయే వారాంతంలోనే మన మొదటి ప్రసంగం. 2021లో ఇది మరీ బిగుసుకుంది. జూలై 4 సరిగ్గా ఆదివారం పడింది. నెలలో మొదటి ఆదివారం గనక మెథడిస్టుల అలవాటు ప్రకారం ప్రభు భోజనం కూడా ఆ రోజే. కోవిడ్ వల్ల అంతకుముందు ఏడాది పరేడ్ లేదు, ఐస్‌క్రీమ్ సోషల్ లేదు, కాబట్టి ఈసారి రెండింతలు చేయాలని ఊరంతా ఉబలాటపడుతోంది. మరోవైపు, జనవరి 6న వాషింగ్టన్‌లో కాపిటల్ భవనంలోకి చొరబడ్డ గుంపులో తెల్లటి క్రైస్తవ జెండాలు కనిపించి ఆరు నెలలే అయింది. చాలా చర్చిల్లో పుల్‌పిట్‌కు, అంటే ప్రసంగ వేదికకు, ఒక పక్క జాతీయ జెండా, రెండో పక్క నిలబెట్టేది ఆ తెల్ల జెండానే.

ఆ ఏడాది నేను అయోవాలో ఒకే పాస్టరు కింద రెండు సంఘాలు కలిపిన ఒక చార్జికి పాస్టరుగా వెళ్లాను. ఈ కేసు అందులో పెద్ద సంఘానిది. ఊరి పేరూ మనుషుల పేర్లూ రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. అమెరికాలో చిన్న ఊళ్ల సంఘాలకు వస్తున్న తెలుగు పాస్టర్లు ఈమధ్య నన్ను అడుగుతున్న మొదటి ప్రశ్న ఈ జెండా గురించే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

సంఘం

వెయ్యి మంది కూడా లేని ఊరు. ధాన్యం నిల్వచేసే ఎలివేటర్, ఒక బ్యాంకు, పిజ్జా కూడా అమ్మే కేసీస్ పెట్రోలు బంకు, బేస్‌బాల్ మైదానం, మధ్యలో బ్యాండ్‌స్టాండ్ ఉన్న పార్కు. లూథరన్లకో చర్చి, కాథలిక్కులకో చర్చి, మాదొకటి. ఆదివారం ఆరాధనకు యాభై అరవై మంది వస్తే నిండుగా ఉన్నట్టు. ఎక్కువమంది రిటైరైన రైతులు. దగ్గరి పట్నంలో మాంసం ప్యాకింగ్ ప్లాంటులో పనిచేసే కాంగో కుటుంబాలు రెండు ఉన్నాయి. కాంగోలో మెథడిస్టులు లక్షల్లో ఉన్నారు. ఆ కుటుంబాలు కొత్తగా మా సంఘంలో చేరినవి కావు, పుట్టుకతోనే మా వాళ్లు. ఇది చాలామంది పాత సభ్యులకు తెలియదు.

భవనం మూలరాయి మీద అక్షరాలు జర్మన్‌లో ఉంటాయి. ఈ చర్చిని కట్టింది ఇంగ్లీషు మెథడిస్టులు కాదు, జర్మన్ మాట్లాడే ఎవాంజెలికల్ అసోసియేషన్ వాళ్లు. ఆ శాఖ పేర్లు మారుతూ, మరో శాఖతో కలుస్తూ వచ్చి 1968లో మెథడిస్టులతో ఏకమైంది. అప్పుడే యునైటెడ్ మెథడిస్టు అన్న పేరు వచ్చింది. మూలరాయి ముందు గులాబీ పొద అడ్డంగా పెరిగిపోవడంతో దాన్ని చదివేవాళ్లు లేరు.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి, కేసులో అదీ భాగమే. వికారాబాద్ వైపు మెథడిస్టు కుటుంబం మాది. ధారూర్ క్రైస్తవ జాతరలో చెట్ల కింద గుడారం వేసుకుని, వంట అక్కడే, ఆరాధన అక్కడే అన్నట్టు పెరిగినవాణ్ణి. కాబట్టి పార్కులో బల్లలు వేసి సంఘం మొత్తం తిండి పెట్టడం నాకు వింతేమీ కాదు. కొత్తగా అనిపించింది ఆరాధన స్థలంలో జెండా. మన దగ్గర ఆగస్టు 15న చర్చి ఆవరణలో జెండా ఎగరేస్తాం, పిల్లలకు చాక్లెట్లు పంచుతాం, సాయంత్రం దించి బీరువాలో పెడతాం. ఇక్కడ ఏడాది పొడవునా అది పుల్‌పిట్ పక్కనే నిలబడి ఉంటుంది.

రెండు ఈమెయిళ్లు

నేను ఇంకా పాత ఊళ్లో సామాను సర్దుకుంటుండగానే రెండు ఈమెయిళ్లు వచ్చాయి.

మొదటిది ఆరాధన కమిటీ పెద్దావిడ నుంచి. ఆర్గన్ వాయించేదీ ఆవిడే. 2019 నాటి కార్యక్రమ పత్రం జతచేశారు. మొదట అందరూ లేచి గుండెల మీద చెయ్యి పెట్టుకుని జెండాకు ప్రతిజ్ఞ. తర్వాత జాతీయ గీతం. తర్వాత సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఇలా ఒక్కో దళం పాట వరసగా వాయిస్తుంటే ఆ దళంలో పనిచేసినవాళ్లు లేచి నిలబడటం, మిగతావాళ్లు చప్పట్లు. కీర్తనలన్నీ దేశభక్తివే. కింద ఒక వాక్యం: "మాకు ఎప్పుడూ ఇలాగే అలవాటు, మీకు సులువవుతుందని పంపుతున్నాను."

రెండోది చిన్న పిల్లలున్న ఒక యువ దంపతుల నుంచి. ఆమె స్కూల్లో టీచరు, ఆయన విత్తనాల కంపెనీలో ఉద్యోగి. ప్రభువు బల్ల అన్ని జాతులవాళ్లదీ అయినప్పుడు ఒక్క దేశం జెండా దాని పక్కన ఎందుకని వాళ్ల ప్రశ్న. జనవరి తర్వాత ఆ రెండు జెండాల మధ్య పిల్లలను మోకరింపజేయడం తమవల్ల కాదని, జెండాలు అక్కడే ఉంటే ఆ ఆదివారం రామని రాశారు. కాంగో కుటుంబాలకు ఇది ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆలోచించమని కూడా అన్నారు.

పాస్టరుకూ సంఘానికీ మధ్య వ్యవహారాలు చూసే కమిటీ చైర్మన్ ఫోన్ చేసి, "మీ ఇష్టం పాస్టర్, ఏం చేసినా పర్లేదు, ఎవర్నీ నొప్పించకుండా చూడండి" అన్నాడు. ప్రపంచంలో ఏ సంఘానికి వెళ్లినా ఈ సలహా ఇచ్చేవాడు ఒకడుంటాడు.

నియమాలేం చెబుతున్నాయో ముందు చూసుకున్నాను, అవేం తేల్చవని తెలిసినా. 1942లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన జెండా నియమావళి ప్రకారం చర్చిలో స్తంభానికి కట్టిన జాతీయ జెండా ప్రసంగికుడికి కుడిచేతి వైపు ఉండాలి. ఉంటే ఎక్కడుండాలో చెబుతుందే తప్ప ఉండి తీరాలని అనదు. మా డినామినేషన్ నియమ గ్రంథం పెట్టమనీ అనదు, తీసేయమనీ అనదు. భవనమూ సామానూ ట్రస్టీల చేతిలో ఉంటాయి, ఆరాధన క్రమం పాస్టరు బాధ్యత. జెండా సామానా, ఆరాధనలో భాగమా? చిక్కంతా ఇక్కడే.

ఇలాంటిచోట కొత్త పాస్టర్లు రెండు దారులు తొక్కడం చూశాను. ఒకటి, మొదటి ఆదివారమే దేవుని రాజ్యానికీ దేశానికీ తేడా మీద పాఠం చెప్పడం. రెండోది, శనివారం రాత్రి ఎవరూ లేనప్పుడు జెండా తీసి సామాన్ల గదిలో పెట్టేయడం. మొదటిదాన్ని జనం ఓపిగ్గా భరిస్తారు. రెండోదాన్ని మాత్రం ఇరవై ఏళ్లయినా మర్చిపోరు. జెండా మాయమైన ఆదివారం ప్రసంగం ఎవరి చెవికీ ఎక్కదు. అందులోనూ తీసినవాడు వేరే దేశం నుంచి వచ్చినవాడైతే ఆ కథ కౌంటీ అంతా ఎలా తిరుగుతుందో చెప్పనక్కర్లేదు.

నావైపు ఇంకో ముడి ఉంది. అప్పటికి నాది గ్రీన్ కార్డు. పౌరుణ్ణి కాని నేను పుల్‌పిట్‌లో నిలబడి జెండాకు విధేయత ప్రతిజ్ఞ చేయించడమంటే నేను చేయని ప్రమాణాన్ని నా నోటితో పలకడం. ఈ విషయం ముందే చెప్పాలని ట్రస్టీల చైర్మన్‌కు ఫోన్ చేశాను. ఆయన డెబ్భై దాటిన రైతు, స్వయంగా మాజీ సైనికుడు. నేను మర్యాదగా లేచి నిలబడతాను గానీ ప్రతిజ్ఞ పలకలేనని చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "మీరు పలికితేనే నాకు తప్పుగా ఉండేది. అది ఊరికే అనే మాట కాదు కదా" అన్నాడు. ఆ ఒక్క ఫోన్‌తో సగం పని అయిపోయిందని అప్పుడు నాకు తెలియదు.

జెండా ఎవరు పెట్టారు

జెండా ఉండాలా వద్దా అని నేను ఒక్కరినీ అడగలేదు. అలా అడిగితే మనిషి వెంటనే ఒక పక్షం ఎక్కి కూర్చుంటాడు, ఇక దిగడు. ఫోన్లోనూ, సామాను దించడానికి వచ్చినవాళ్లతోనూ, తలుపు దగ్గర పళ్లెం పెట్టి వెళ్లేవాళ్లతోనూ ఒకటే అడిగాను: ఆ జెండా అక్కడికి ఎలా వచ్చింది?

ఎప్పటినుంచో ఉందని చాలామంది అన్నారు. రెండో ప్రపంచ యుద్ధమప్పుడని ఒకరు, ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా ఉన్న 1950ల కాలమని ఒకరు. తొంభై దాటిన ఒకావిడ మాత్రం, "మా అమ్మకు ఆ జెండా అంటే భయం" అంది. ఎందుకని అడిగితే తనకూ తెలియదంది.

బేస్‌మెంటు మెట్ల కింద, ఫర్నేస్ పక్కన ఒక రేకు పెట్టెలో సంఘం సమావేశాల పాత మినిట్స్ పుస్తకాలు దొరికాయి. 1918 పుస్తకంలో వసంతకాలం దాకా అంతా జర్మన్. కోణాలు కోణాలుగా ఉండే పాత జర్మన్ రాత, ఒక్క ముక్క చదవలేకపోయాను. జూన్ నుంచి అదే చేతిరాత హఠాత్తుగా ఇంగ్లీషులోకి మారింది. బడిపిల్లవాడి ఇంగ్లీషు, క్రియలు ఎక్కడివక్కడ ఉండవు. ఆ పేజీల్లోనే కోశాధికారి ఖర్చుల వరసలో బొగ్గుకూ దీపం నూనెకూ మధ్య ఒక పద్దు: జెండా, కర్రతో సహా.

అయోవా చరిత్ర తెలిసినవాళ్లకు ఆ నెలల తేడా ఏమిటో వెంటనే తడుతుంది. 1918 మే 23న గవర్నర్ విలియం హార్డింగ్ ఒక ప్రకటన జారీచేశాడు. బళ్లలో బోధన, బహిరంగ ప్రదేశాల్లో, రైళ్లలో, టెలిఫోన్లో సంభాషణ, సభల్లో ఉపన్యాసాలు అన్నీ ఇంగ్లీషులోనే జరగాలి. ఇంగ్లీషు రానివాళ్లు ఆరాధన ఇళ్లలో చేసుకోవాలి. బాబెల్ ప్రకటన అని దానికి పేరు పడింది. జర్మనీతో యుద్ధం నడుస్తున్న రోజులు. జర్మన్ మాట్లాడేవాళ్ల ఇళ్ల మీదా చర్చిల మీదా అనుమానపు చూపులు. ఆ డిసెంబరులో ప్రకటన ఎత్తేశారు గానీ మా మినిట్స్ మళ్లీ జర్మన్‌లోకి వెళ్లలేదు. అంటే మొదటి జెండా పెట్టినవాళ్లు పొంగిపోయి పెట్టలేదు, మేమూ ఈ దేశంవాళ్లమేనని నిరూపించుకోవాల్సి వచ్చి పెట్టారు. ఆ తల్లి భయం ఇప్పుడు అర్థమైంది.

కథ అక్కడితో అయిపోలేదు. ఇప్పుడున్నది ఆ జెండా కాదు. ఇప్పటిదానిలో 50 నక్షత్రాలున్నాయి, అంటే 1960 జూలై 4 తర్వాతిది. స్తంభం దిమ్మ కింద తివాచీ అంచును పక్కకు లాగితే వేలెడంత ఇత్తడి రేకు కనిపించింది, నల్లబడిపోయి. బొటనవేలితో రుద్దితే ఒక కుర్రవాడి పేరు, పుట్టిన సంవత్సరం, 1968, వియత్నాం. ఇంటిపేరు ట్రస్టీల చైర్మన్‌ది. ఆయన అన్న. అమ్మానాన్నలు కొడుకు జ్ఞాపకంగా ఇచ్చిన జెండా అది. ఎప్పుడో తివాచీ మార్చినప్పుడు ఆ రేకు దాని కిందికి పోయింది, అరవై లోపు వయసువాళ్లెవరికీ అది ఉందని తెలియదు. ఫోన్లో నాతో అంతసేపు మాట్లాడిన ఆ పెద్దమనిషి దాని మాట ఎత్తనే లేదు.

అది చూశాక ఈ ఆదివారానికి జెండా కదలదని తేల్చేశాను. ఆ యువ దంపతుల వాదన తప్పని కాదు. వేదాంతపరంగా నేను ఇప్పటికీ వాళ్ల పక్షమే. కానీ ఆ చైర్మన్ అన్న పేరున్న వస్తువును, ఇంకా ఆయన పేరు కూడా సరిగా పలకలేని మనిషి వచ్చిన మొదటి వారమే జరిపేస్తే, ఆ ఇంటికి నేను ఆఖరి ఘడియలో ప్రార్థనకు వెళ్లగలనా? పాస్టరు పని అంతిమంగా అక్కడే ఉంటుంది.

దంపతులను కలిసి రేకు సంగతి, 1918 సంగతి రెండూ చెప్పాను. జెండా ఉంటుంది గానీ ఆరాధన దానివైపు తిరగదని, సెప్టెంబరులో సంఘం కౌన్సిల్ ముందు ఈ కాగితాలన్నీ పెడతానని చెప్పాను. భర్త సరేనన్నాడు. ఆమె అనలేదు. చూస్తానంది.

ఆరాధన క్రమం

క్రమం మీద ఆర్గన్ పెద్దావిడతో మంచి బేరమే నడిచింది. ప్రతిజ్ఞ, జాతీయ గీతం, దళాల పాటలు ఆరాధనలోంచి తీసి శనివారం పార్కులో బ్యాండ్‌స్టాండ్ దగ్గరికి మార్చాం. ఊరి బ్యాండు వాయిస్తుంది, అక్కడ లూథరన్లూ కాథలిక్కులూ ఏ చర్చికీ పోనివాళ్లూ ఉంటారు. మాజీ సైనికుల్లో మా చర్చివాళ్లు కొద్దిమందే, ఊరివాళ్లు చాలామంది. నిజానికి ఆ గౌరవం జరగాల్సిన చోటు అదే. ఇది ఆవిడకు నచ్చింది, చప్పట్లు ఎక్కువ పడతాయి కాబట్టి.

కీర్తనల విషయంలో పాటల పుస్తకమే ఆదుకుంది. మెథడిస్టు పుస్తకంలో 437వ పాట, ఫిన్లాండియా రాగంలోది. నా దేశపు ఆకాశం నీలంగా ఉంది, ఇతర దేశాల ఆకాశమూ అంతే నీలం, వాళ్ల గుండెల్లోనూ ఇవే ఆశలు అని సాగే ప్రార్థన. దాన్ని ప్రధాన కీర్తనగా పెట్టాను. 696వ పాట అమెరికా ద బ్యూటిఫుల్ లేకపోతే ఊరు ఊరుకోదు. దాన్ని రాసిన కాథరిన్ లీ బేట్స్ కవిత మొదట అచ్చయింది 1895 జూలై 4న, ఒక చర్చి వారపత్రికలోనే. అందులో రెండో చరణం చివర దేవుణ్ణి ఈ దేశపు ప్రతి లోపాన్నీ సరిదిద్దమని అడుగుతుంది. పాడేవాళ్లంతా గోధుమ చేల దగ్గర ఆగిపోతారు, ఆ చరణం దాకా ఎవరూ రారు. దాన్ని విడదీసి పాప ఒప్పుకోలు ప్రార్థనకు చివర అందరితో చదివించాను. పెద్దావిడ ఒప్పుకుంది, జనం లోపలికి వస్తున్నప్పుడు ఆర్గన్ మీద ఆ పాట మొత్తం తాను వాయించుకుంటానన్న షరతు మీద. ఒప్పుకోకపోయినా వాయించేది.

ప్రసంగ భాగం నేను ఎంచుకోనక్కర్లేకపోయింది. పఠన పట్టిక ప్రకారం ఆ ఆదివారానికి మార్కు 6వ అధ్యాయం వచ్చింది: యేసు సొంత ఊరికి వెళ్తే ఊరివాళ్లు ఇతను వడ్రంగి కాదా అని తీసిపారేసిన ఘట్టం. సొంత ఊరి మీద ప్రేమ గురించి, సొంత ఊరి గుడ్డితనం గురించి ఒకే చోట మాట్లాడటానికి ఇంతకంటే మంచి వాక్యం దొరకదు.

ఆ వారాంతం

శనివారం పొద్దున పరేడ్. అగ్నిమాపక వాహనం, పాత ట్రాక్టర్లు, పిల్లల మీదికి మిఠాయిలు విసిరే ట్రక్కులు, చేతులూపుతూ ఓట్లవాళ్లు. మా చర్చి బండి గడ్డిమోపులు వేసే హేరాక్, దాని మీద పిల్లల గాయక బృందం. ఎన్నికల వాళ్లెవరినీ బండి ఎక్కనివ్వొద్దని ముందే చెప్పాను. పన్ను మినహాయింపు ఉన్న చర్చి ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదని 1954 నుంచి చట్టం. మొక్కజొన్న జూలై 4కి మోకాలెత్తు వస్తే పంట బాగున్నట్టని ఇక్కడి సామెత. ఇప్పటి హైబ్రిడ్ విత్తనాలకు అది ఛాతీ దాటిపోతుంది, అయినా ప్రతివాడూ ఆ సామెత నాకు చెప్పి మరీ వెళ్లాడు.

సాయంత్రం ఐస్‌క్రీమ్ సోషల్. డబ్బూ మనసూ రెండూ చేతులు మారేది ఇక్కడే కాబట్టి దీని పనితనం దగ్గరగా చూడాలి. పాలు, మీగడ, గుడ్లు, పంచదార కలిపి ముందు రోజు రాత్రే కాచి చల్లార్చి ఉంచుతారు, పచ్చి గుడ్లు ఇప్పుడెవరూ వాడరు. కొయ్య తొట్టెలో స్టీలు డబ్బా, డబ్బా లోపల తిరిగే తెడ్డు, పైన చేతితో తిప్పే పిడి. డబ్బా చుట్టూ ఒక వరస మంచు, ఒక వరస రాళ్ల ఉప్పు. ఉప్పు పడితే మంచు సున్నా కంటే దిగువకు చల్లబడుతుంది, పాలు గోడలకు గడ్డకడుతుంటే తెడ్డు గీకుతుంది. మొదట్లో చిన్నపిల్లలు తిప్పుతారు. గట్టిపడేకొద్దీ పిడి పెద్దవాళ్ల చేతికి పోతుంది. చివర్లో ఇద్దరు బలమైన మనుషులు, తొట్టె కదలకుండా దాని మీద మడతపెట్టిన గోనె, గోనె మీద ఒక పిల్లాడు. ఆ పిల్లాడు అవడానికి పోటీ ఉంటుంది. కాంగో కుటుంబం కుర్రవాడికి ఆ రోజు ఆ పీట దక్కింది, పిడి తిప్పుతున్నది ట్రస్టీల చైర్మన్.

ధర బోర్డు ఉండదు. మూత తీసిన కాఫీ డబ్బా ఒకటి పెడతారు, తోచినంత వేయడమే. ఆ ఏడాది వసూలు సగం అగ్నిమాపక దళానికి, సగం పిల్లల వేసవి క్యాంపుకి వెళ్లింది. పళ్లేల అడుగున తెల్ల టేపు మీద ఇంటిపేరు రాసి ఉంటుంది, ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వడానికి. కొత్త పాస్టరుకు ఊరి ఇంటిపేర్లు నేర్చుకునేందుకు అంతకు మించిన పుస్తకం లేదు. గిన్నెలు కడిగే దగ్గర నిలబడితే చాలు.

అక్కడే నన్ను మాట్లాడమన్నారు. అమెరికా జూలై 4కూ మన ఆగస్టు 15కూ మధ్య సరిగ్గా ఆరు వారాలని, ఏ ఏడాదైనా రెండూ వారంలో ఒకే రోజున పడతాయని చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నవాళ్లున్నారు. తర్వాత అయోవాలో చదువుకుని మా వైపుకు వచ్చిన జాన్ క్లౌ గురించి చెప్పాను. కరువు రోజుల్లో జనానికి కూలి దొరకాలని ఆయన బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకున్నాడని, 1878లో సరిగ్గా ఆ తేదీనే, జూలై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయని చెప్పాను. ఆయన బాప్టిస్టు, మేం మెథడిస్టులం అన్న చిక్కు ఎవరూ లేవనెత్తలేదు. ఒక రైతు మాత్రం నీళ్లు ఎంత లోతున్నాయని అడిగాడు.

ఆదివారం అందరూ వచ్చారు, ఆ దంపతులతో సహా. వాళ్లు వెనక వరసలో కూర్చున్నారు. ప్రార్థనలో యుద్ధాల్లో చనిపోయిన ఊరివాళ్ల పేర్లు చదివాను, హాలు గోడ మీద ఉన్న బోర్డులోంచి. ఇత్తడి రేకు మీది పేరు చదివినప్పుడు ఆగలేదు, గొంతు మార్చలేదు, మిగతావాటితో పాటే చదివాను. చైర్మన్ తల వంచుకునే ఉన్నాడు. ప్రభు భోజనానికి ఆ ఏడాది వాడినవి సీలు వేసిన బుల్లి కప్పులు, పైపొరలో అప్పం, కింద ద్రాక్షరసం. వృద్ధుల వేళ్లకు ఆ కప్పు మూత ఊడిరాదు. ఎవరి కప్పు వాళ్లు తెరుచుకోలేక పక్కవాళ్లది తెరిచిపెట్టడం మొదలైంది, వరసలన్నీ కలగాపులగమయ్యాయి. కమిటీ పెద్దావిడ కప్పు ఆ టీచరమ్మే తెరిచింది.

కాంగో కుటుంబ పెద్ద ఆ రోజు జెండా బొమ్మ ఉన్న టై కట్టుకొచ్చాడు. ఆ ఏడాదే పౌరసత్వం వచ్చింది. జెండా తనకు ఇబ్బందిగా ఉందా అని అడిగితే ఆశ్చర్యంగా చూశాడు. "దాని ముందు ప్రమాణం చేసిన రోజు నుంచే పాస్టర్, నాకు రాత్రి నిద్ర పడుతోంది" అన్నాడు. ఆయన భార్యకు ఈ చర్చ మీద ఏ అభిప్రాయమూ లేదు. తలా ఒక వంటకం తెచ్చుకునే వచ్చే పాట్‌లక్‌ భోజనానికి అన్నం ఎవరు తెస్తున్నారో మాత్రం కచ్చితంగా తెలియాలంది. వలస వచ్చినవాళ్ల తరఫున ఇంకొకరు నొచ్చుకునే ముందు వాళ్లనే ఒక మాట అడగడం మంచిది. అదే సమయంలో, రెండో కాంగో కుటుంబం పెద్ద నాతో ఆ జెండా గురించి ఏమీ అనలేదు. మాట తప్పించాడు. దాన్ని కూడా కేసులో రాసి ఉంచాను.

బేస్‌మెంటు

ఎవరూ ప్రణాళిక వేయని సంగతి ఒకటి జరిగింది. అయోవాలో 2017లో బాణసంచా అమ్మకాలకు చట్టం అనుమతి వచ్చాక, ఒక్క రాత్రి ఉండే మోత వారం రోజులకు సాగింది. మా సంఘంలో ఇరాక్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒకతను ఆ వారమంతా కారెక్కి ఎటో పోతాడని అతని తల్లి చెప్పింది. పరేడ్‌లో అందరూ చేయి కలిపి కృతజ్ఞతలు చెబుతారు, చీకటిపడ్డాక అతని ఇంటి వెనకే టపాకాయలు కాలుస్తారు.

చర్చి బేస్‌మెంటు గోడలు అడుగున్నర మందం రాయి. ఆదివారం రాత్రి దాన్ని తెరిచాం. పెద్ద ఫ్యాన్లు నాలుగు పెట్టి పూర్తి వేగంలో వదిలితే బయటి మోత దాదాపు వినబడదు. యూకర్ ఆడేందుకు పేకలు, కాఫీ, మిగిలిన పైలు. అతనొచ్చాడు, ఎవరమూ ఊహించని వియత్నాం కాలంవాళ్లు ఇద్దరొచ్చారు, టపాకాయలకు వణికే కుక్కల్ని పట్టుకుని కొందరొచ్చారు. ప్రార్థన చేయలేదు, సాక్ష్యాలు చెప్పించలేదు. అలా చేసుంటే మరుసటి ఏడాది ఎవరూ రారు. ఇప్పుడది ప్రతి జూలైలో నడుస్తోంది, లూథరన్లు రెండు ఫ్యాన్లు ఇచ్చారు.

తర్వాత

సెప్టెంబరు కౌన్సిల్లో మినిట్స్ నకళ్లు, రేకు ఫోటో బల్ల మీద పెట్టి నేను పక్కకు కూర్చున్నాను. జర్మన్ పేజీలు చూసి చాలామంది తమ తాతల చేతిరాత గుర్తుపట్టారు. జెండాను లోపలి నుంచి ప్రవేశ హాలులోకి, చనిపోయినవారి పేర్ల బోర్డు పక్కకు మార్చాలన్న ప్రతిపాదన ట్రస్టీల చైర్మన్ నోటి నుంచే వచ్చింది. అక్కడైతే ఆ రేకు అందరి కంటికీ ఆనుతుందన్నాడు. క్రైస్తవ జెండా ఏం చేయాలని అడిగితే ఎవరూ దాని పక్షాన మాట్లాడలేదు, అది బీరువాలోకి వెళ్లింది. ఇన్నేళ్లు అక్కడ నిలబడిన దానికి ఒక్క దిక్కూ లేకపోవడం నాకు వింతగా ఉంది.

నష్టం లేకుండా పోలేదు. ఒక పెద్ద కుటుంబం కౌంటీ కేంద్రంలోని మరో చర్చికి వెళ్లిపోయింది. వాళ్ల కానుకలు పోవడం బడ్జెట్‌లో రెండేళ్లు కనబడింది. వాళ్లను తిరిగి తేవడానికి రెండుసార్లు ఇంటికి వెళ్లాను, కాఫీ ఇచ్చారు, మాట మార్చారు. ఆ యువ దంపతులు మరుసటి ఏడాది ఉద్యోగాల మీద వేరే రాష్ట్రం వెళ్లారు, జెండాకూ దానికీ సంబంధం లేదు. జెండాను అసలు భవనంలోనే ఉంచకూడదని వాళ్లు చివరిదాకా అనేవారు.

2026లో అమెరికాకు 250 ఏళ్లు నిండే జూలై 4 శనివారం వస్తుంది. మర్నాడు మొదటి ఆదివారం, మళ్లీ ప్రభు భోజనం, బదిలీ అయి వచ్చేవాళ్లకు మళ్లీ అదే మొదటి ప్రసంగం. నా తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక ఫైలు తయారుచేసి ఆఫీసు బల్ల సొరుగులో పెట్టాను. మినిట్స్ పెట్టె ఎక్కడుందో, ఎవరి అన్న పేరు ఎక్కడుందో, బేస్‌మెంటు తాళం ఎవరి దగ్గరుందో, ఫ్యాన్లలో ఏవి లూథరన్లకు తిరిగివ్వాలో అందులో ఉన్నాయి. 696 గురించి ఆర్గన్ పెద్దావిడతో వాదించవద్దని కూడా రాశాను.